శంభునాథ్ డే: కలరా విషం జాడ తీసిన వైద్యుడు

కలరా పేరు మీరు వినే ఉంటారు. కొన్ని ప్రాంతాల్లో దీన్ని వాంతిభేది అంటారు. తెలంగాణ పల్లెల్లో గత్తర అనేవారు. ఉదయం పొలానికి వెళ్ళిన మనిషి మరునాటికి లేడని చెప్పే కథలు మీ ఇంట్లో పెద్దవాళ్ళ నోట విని ఉండవచ్చు. ఆ కథల్లో అతిశయోక్తి లేదు. రోగం తీవ్రంగా ఉన్నప్పుడు గంటకు ఒక లీటరు వరకు నీరు విరేచనాల రూపంలో శరీరం నుండి పోతుంది. కళ్ళు లోతుకు పోతాయి. చర్మం ముడతలు పడుతుంది. నాడి అందదు. చికిత్స అందకపోతే కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

ఇంత నీరు ప్రేవుల్లోకి ఎందుకు వస్తుంది? ఈ ప్రశ్నకు చాలాకాలం సరైన జవాబు లేదు. జవాబుకు దారి చూపినవాడు కలకత్తా వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పిన శంభునాథ్ డే. ఆయన వాడిన ముఖ్యమైన సామగ్రి ఏమిటో తెలుసా? సూది, పట్టుదారం, కుందేళ్ళు. అంతే.

ఈ పాఠంలో మీరు ఆయన జీవితం తెలుసుకుంటారు. దానితోపాటు మన శరీరంలోని ప్రతి కణంలో సరుకుల రవాణా ఎలా జరుగుతుందో, ఆ రవాణాను నడిపించే అతి చిన్న ప్రోటీన్లు ఏమిటో కూడా చదువుతారు. కలరాకూ కణంలోని రవాణాకూ సంబంధం ఏమిటని మీకు సందేహం రావచ్చు. కొంచెం ఓపిక పట్టండి. పాఠం సగం దాటాక ఆ సంబంధం మీకే కనిపిస్తుంది.

గరిబాటి నుండి కలకత్తాకు

శంభునాథ్ డే 1915 ఫిబ్రవరి 1న గరిబాటి అనే గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం నేటి పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో ఉంది. తండ్రి దాశరథి డేది చిన్న వ్యాపారం. దానిలో పెద్దగా లాభం లేదు. కుటుంబంలో చదువుకున్నవాడు ఒక చిన్నాన్న మాత్రమే. శంభునాథ్ చదువు ముందుకు సాగడానికి ఆయన ప్రోత్సాహం తోడ్పడింది.

ఊరి పాఠశాలలో మెట్రిక్యులేషన్ మంచి మార్కులతో పూర్తిచేసి శంభునాథ్ జిల్లా ఉపకారవేతనం సంపాదించాడు. దానితో హుగ్లీ మొహసిన్ కళాశాలలో చేరాడు. అక్కడ కూడా బాగా చదివి కలకత్తా మెడికల్ కాలేజీలో చేరడానికి మరో ఉపకారవేతనం పొందాడు. కాని ఉపకారవేతనంతో నగరంలో తిండి, బస గడవడం కష్టం. అప్పుడు ఒక వ్యాపారి ముందుకు వచ్చి ఆ రెండింటి భారం తాను వహించాడు. చదువు మధ్యలో ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టిన మీలో చాలామందికి ఇలాంటి సాయం విలువ వేరే చెప్పనక్కరలేదు.

1939లో ఆయన వైద్య పట్టా పుచ్చుకున్నాడు. 1942లో ఉష్ణమండల వ్యాధుల చికిత్సలో డిప్లొమా పూర్తిచేశాడు. కొంతకాలం ప్రాక్టీసు చేసినా ఆయన మనసు ప్రయోగశాల మీదనే ఉండేది. తాను చదివిన కళాశాలలోనే రోగనిర్ధారణ శాస్త్ర విభాగంలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాడు. ఆ కళాశాలలో ఆచార్యుడైన ఎం. ఎన్. డే శిష్యుని ప్రతిభ గమనించి తన కుమార్తెనిచ్చి వివాహం చేశాడు.

అవి బెంగాల్‌కు చాలా చెడ్డ రోజులు. 1943లో అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. లక్షల మంది చనిపోయారు. ఆకలితో చనిపోయినవారు కొందరైతే, కరువు వెంట వచ్చిన మలేరియా, కలరా వంటి వ్యాధులతో చనిపోయినవారు మరెందరో. కలకత్తాలో పనిచేసే వైద్యునికి కలరా పుస్తకంలో చదివే రోగం కాదు. ప్రతి ఏటా ఆసుపత్రి మంచాలను నింపే రోగం.

1947లో శంభునాథ్ లండన్ వెళ్ళాడు. యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి వైద్య పాఠశాలలో రాయ్ కామెరాన్ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త దగ్గర పరిశోధన చేసి, 1949లో పిహెచ్.డి. పట్టాతో తిరిగి వచ్చాడు. అక్కడ ఆయన పనిచేసిన విషయాలు గమనించండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఒకటి. మెదడు గదుల్లో నీరు చేరడం మరొకటి. వీటిలో కలరా ప్రసక్తి లేదు. కాని శరీరంలో ఉండవలసిన చోట ఉండకుండా నీరు మరో చోటికి ఎందుకు చేరుతుందన్న ప్రశ్న రెండింటిలోనూ ఉంది. కలకత్తాకు తిరిగివచ్చాక ఆయన అదే ప్రశ్నను కలరా రోగి విషయంలో వేసుకున్నాడు.

డెబ్బై ఏళ్ళ పొరపాటు

ఇక్కడ మనం కొంచెం వెనక్కు వెళ్ళాలి. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1883 చివరలో కలకత్తా వచ్చాడు. కలరాతో చనిపోయినవారి ప్రేవుల్లో, వారు వాడిన చెరువు నీటిలో కామా గుర్తులా వంగి ఉన్న ఒక బాక్టీరియాను చూశాడు. 1884లో దాన్నే కలరాకు కారణంగా ప్రకటించాడు. నిజానికి ఇటలీకి చెందిన పాచీనీ 1854లోనే ఆ సూక్ష్మజీవిని చూశాడు. ఎవరూ పట్టించుకోలేదు. శాస్త్రచరిత్రలో ఇలాంటివి కొత్త కాదు. ఈ పాఠంలోనే ఇంకొకటి చూడబోతున్నారు.

ఈ సూక్ష్మజీవి ఏదో ఒక విషాన్ని తయారుచేసి హాని కలిగిస్తుండవచ్చని కాక్ ఊహించాడు. కాని నిరూపించలేకపోయాడు. దానికి ఒక చిక్కు ఉంది. కలరా మనుషులకు వచ్చే జబ్బు. మామూలు జంతువులకు ఈ బాక్టీరియాను తినిపిస్తే ఏమీ కాదు. జంతువులో రోగం తెప్పించలేకపోతే ప్రయోగం చేయడం ఎలా?

తరువాత వచ్చినవారు మరో దారి పట్టారు. బాక్టీరియాను జంతువుల రక్తంలోకో పొట్ట కుహరంలోకో సూదితో ఎక్కించారు. జంతువులు చనిపోయాయి. బాక్టీరియా చచ్చి పగిలినప్పుడు దాని శరీరంలోని విషం రక్తంలో కలుస్తుందనీ, అదే కలరా అనీ చాలామంది నమ్మారు. ఇందులో లోపం ఏమిటో మీరు చెప్పగలరా? ఆ జంతువులు చనిపోయాయి గాని, వాటికి కలరా రాలేదు. గంజినీళ్ళలాంటి విరేచనాలు కాలేదు. అంటే పరిశోధకులు చూస్తున్నది వేరే రోగం. దాదాపు డెబ్బై ఏళ్ళపాటు ఈ పొరపాటు సాగింది.

శంభునాథ్ డే వేసిన ప్రశ్న చాలా సూటిగా ఉంది. కలరాలో బాక్టీరియా రక్తంలోకి పోదు, ప్రేవులోనే ఉంటుంది. నీరు కూడా ప్రేవులోకే వస్తుంది. అలాంటప్పుడు దాన్ని రక్తంలోకి ఎక్కించడం ఎందుకు? చూడవలసింది ప్రేవులోనే కదా?

దారంతో కట్టిన ప్రేవు

అప్పుడు ఆయన కలకత్తాలోని నీలరతన్ సర్కార్ మెడికల్ కాలేజీలో పనిచేస్తున్నాడు. కుందేలుకు ముందు మేత ఆపి, మత్తు ఇచ్చి, పొట్ట కొద్దిగా కోసి చిన్నప్రేవును బయటికి తీసేవాడు. సుమారు నాలుగు అంగుళాల ముక్కకు రెండు కొసలా పట్టుదారంతో ముడి వేసేవాడు. ప్రేవును తెంచడు, రక్తనాళాలను కదపడు. రెండు ముళ్ళ మధ్య భాగం ఇప్పుడు మూసిన గొట్టంలా అవుతుంది. ఆ గొట్టంలోకి కలరా బాక్టీరియా ఉన్న ద్రవం ఒక మిల్లీలీటరు ఎక్కించి, ప్రేవును తిరిగి లోపల పెట్టి కుట్టేసేవాడు. బాక్టీరియా లేని ద్రవంతో కూడా అలాగే చేసి పోల్చి చూసేవాడు.

మరునాడు చూస్తే బాక్టీరియా లేని భాగం ముడుచుకుని మామూలుగా ఉంది. బాక్టీరియా ఎక్కించిన భాగం మాత్రం నీటితో ఉబ్బి బిగిసిపోయి ఉంది. అందులోని ద్రవం అచ్చం కలరా రోగి విరేచనంలా, బియ్యం కడుగులా ఉంది.

జంతువుల మీద చేసే ఇలాంటి ప్రయోగాల గురించి చదివినప్పుడు మనసు చివుక్కుమనడం సహజమే. కాని ఆనాడు కలరా వార్డులో చనిపోతున్న మనుషుల సంఖ్యను కూడా పక్కన పెట్టి చూడండి.

దారం ముడి ఎందుకు పనిచేసిందో అర్థమైందా? మామూలుగా ప్రేవు కదులుతూ లోపల ఉన్నదాన్ని ముందుకు నెట్టేస్తుంది. కుందేలు ప్రేవులో బాక్టీరియా నిలదొక్కుకునే లోపే కొట్టుకుపోతుంది. ముడి వేస్తే అది ఉన్నచోటే ఉండి తన పని చేయగలుగుతుంది. 1953లో శంభునాథ్ డే, ఆయన సహచరుడు డి. ఎన్. చటర్జీ ఈ పద్ధతిని ప్రకటించారు. 1915లో ఇద్దరు పరిశోధకులు ఇలాంటి ప్రయోగమే చేశారు గాని, అది మరుగున పడిపోయింది. 1956లో డే బృందం మరో మెట్టు ఎక్కింది. మన ప్రేవుల్లో సాధారణంగా ఉండే ఇ. కోలై బాక్టీరియాలో కూడా కొన్ని రకాలు ప్రేవును ఇలాగే ఉబ్బిస్తాయని చూపింది. పసిపిల్లల విరేచనాలకు ఇవి ఒక ముఖ్య కారణమని తరువాత తెలిసింది.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. నీటిని రప్పిస్తున్నది బాక్టీరియానా, అది తయారుచేసే పదార్థమా? బాక్టీరియాను ద్రవంలో పెంచి, ఆ ద్రవాన్ని సన్నని వడపోత సాధనం గుండా వడకట్టాడు శంభునాథ్. బాక్టీరియా పైనే ఆగిపోతుంది. కిందికి దిగిన ద్రవంలో ఒక్క సూక్ష్మజీవి కూడా ఉండదు. ఆ ద్రవాన్ని కట్టిన ప్రేవులోకి ఎక్కిస్తే ప్రేవు ఉబ్బింది. కలరా బాక్టీరియా బతికి ఉండగానే ఒక విషపదార్థాన్ని బయటికి విడుదల చేస్తుందనీ, కలరాకు కారణం అదేననీ దీనితో తేలింది. 1959 మే 30న నేచర్ పత్రికలో ఈ ఫలితం ఒక చిన్న వ్యాసంగా వెలువడింది. అదే ఏడాది బొంబాయిలోని హాఫ్‌కిన్ సంస్థలో ఎన్. కె. దత్తా, ఆయన సహచరులు కూడా కుందేలు పిల్లలతో వేరే పద్ధతిలో ఇలాంటి నిర్ణయానికే వచ్చారు.

ఇంత పెద్ద విషయం తెలిశాక దేశమంతా హర్షించి ఉంటుందని మీరు అనుకోవచ్చు. అలా జరగలేదు. వ్యాసం వెలువడిన మొదటి కొన్నేళ్ళు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. విషాన్ని శుద్ధి చేయాలని శంభునాథ్ ప్రయత్నించాడు. దానికి కావలసిన సాధనాలు, సహాయం ఆయనకు చాలినంతగా దొరకలేదు. 1955 నుండి ఆయన కలకత్తా మెడికల్ కాలేజీలో విభాగాధిపతి. పాఠాలు, పరీక్షలు, ఆసుపత్రి పని అన్నీ ఆయన మీదే ఉండేవి. చివరకు 1969లో అమెరికాలో ఫింకెల్‌స్టీన్, లోస్పలూటో అనే శాస్త్రవేత్తలు ఆ విషాన్ని శుద్ధమైన రూపంలో వేరుచేశారు. అది ఒక ప్రోటీను.

కణం లోపలి రవాణా

ఇప్పుడు మనం ప్రేవు గోడలోని ఒక కణంలోకి వెళ్దాం. కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుందనీ, దాన్ని కణత్వచం అంటారనీ మీరు సామాన్యశాస్త్రంలో చదివి ఉంటారు. కణం లోపల కూడా పొరలతో చేసిన గదులు ఉంటాయి. అంతర్జీవ ద్రవ్యజాలం అనేది ప్రోటీన్లు తయారయ్యే కర్మాగారం. అక్కడ తయారైనవి గాల్జి సంక్లిష్టానికి చేరతాయి. 1898లో కెమీలో గాల్జి దీన్ని కనుక్కున్నాడు. తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసినట్లు ఇక్కడ ప్రోటీన్లను వేరుచేసి ఎక్కడికి పోవలసినవి అక్కడికి పంపుతారు.

ఒక గది నుండి మరో గదికి సరుకు ఎలా పోతుంది? గది గోడ ఒకచోట బుడగలా ఉబ్బుతుంది. సరుకు అందులో చేరుతుంది. బుడగ తెగి చిన్న సంచి అవుతుంది. సంచి ప్రయాణం చేసి మరో గది గోడకు తగిలి దానిలో కలిసిపోతుంది. సరుకు అందులో దిగుతుంది. ఒక్కో కణంలో ఇలాంటి సంచులు లెక్కలేనన్ని ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి. ఎక్కడ బుడగ లేవాలి, ఏ సంచి ఏ గదికి పోవాలి అన్నది నిర్ణయించకపోతే కణమంతా గందరగోళం అవుతుంది. ఆ నిర్ణయం చేసేవి చిన్న సంకేత ప్రోటీన్లు.

ఈ ప్రోటీన్లు స్విచ్చిలా పనిచేస్తాయి. జి.టి.పి. అనే అణువు పట్టుకుని ఉన్నప్పుడు స్విచ్చి వేసినట్లు. దానిలోని ఒక ఫాస్ఫేటును తెంచి జి.డి.పి.గా మార్చినప్పుడు స్విచ్చి తీసినట్లు. జి.టి.పి.కి తోబుట్టువు లాంటిది ఏ.టి.పి. దాన్ని కండరం నుండి మొదట వేరుచేసిన వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. మనిషి కణాల్లో ఇలాంటి చిన్న స్విచ్చి ప్రోటీన్లు 150కి పైగా ఉన్నాయి. వీటిలో ర్యాబ్ అనే కుటుంబం సంచి ఏ గదికి చేరాలో గుర్తుపట్టడానికి సాయపడుతుంది. ఆర్ఫ్ అనే మరో కుటుంబం సంచి తయారీని మొదలుపెడుతుంది. ఈ ఆర్ఫ్ పేరు గుర్తుంచుకోండి.

విషం చేసే ప్రయాణం

శంభునాథ్ జాడ తీసిన విషం ఆరు ముక్కల ప్రోటీను. ఐదు ముక్కలు ఉంగరంలా కూర్చుంటాయి. వాటి పని కణం బయటి పొరను పట్టుకోవడం. ఆరవ ముక్కలోనే అసలు విషశక్తి ఉంది. అయితే అది నేరుగా కణంలోకి దూకలేదు. కణం తన పొరను లోపలికి మడిచి సంచులు చేసుకుంటుంది కదా, ఆ సంచుల్లో ఒకదానిలో ఎక్కేస్తుంది. గాల్జి ప్రాంతం మీదుగా వెనక్కు వెనక్కు ప్రయాణించి అంతర్జీవ ద్రవ్యజాలం చేరుతుంది. దారి తప్పిన ప్రోటీన్లను కర్మాగారానికి తిప్పి పంపడానికి కణం వాడే గుర్తు లాంటిది ఈ విషం తోకకు కూడా ఉంది. టిక్కెట్టు లేకుండా రైలెక్కి, పైగా దొంగ టిక్కెట్టు చూపించినట్లు! కర్మాగారంలో పాడైన ప్రోటీన్లను బయటికి పారవేసే దారి ఒకటి ఉంటుంది. ఆ దారి గుండా విషశక్తి గల ముక్క కణద్రవ్యంలోకి జారుకుంటుంది.

అక్కడ దాని గురి ఒక పెద్ద సంకేత ప్రోటీను. దీన్ని జి-ప్రోటీను అంటారు. ఇది కూడా జి.టి.పి.తో పనిచేసే స్విచ్చే. బయటి నుండి కబురు వచ్చినప్పుడు వెలిగి, కాసేపటికి తనంతట తానే ఆరిపోతుంది. విషం దానికి ఒక రసాయన ముక్కను అతికిస్తుంది. అంతటితో అది జి.టి.పి.ని తెంచే శక్తి కోల్పోతుంది. స్విచ్చి వేసిన స్థితిలోనే ఉండిపోతుంది. దాని ఫలితంగా కణంలో సైక్లిక్ ఏ.ఎం.పి. అనే పదార్థం పెరిగిపోతుంది. క్లోరైడు బయటికి పోయే ద్వారాలు తెరుచుకుంటాయి. క్లోరైడు వెంట సోడియం, వాటి వెంట నీరు ప్రేవులోకి ప్రవహిస్తాయి. శంభునాథ్ కట్టిన ప్రేవు ముక్క ఉబ్బింది ఇందుకే.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. విషం ప్రేవు గోడను చీల్చిందా? కణాలను చంపిందా? లేదు. 1960లో కలరా రోగుల ప్రేవు నుండి చిన్న ముక్కలు తీసి పరీక్షించినప్పుడు లోపలి పొర చెక్కుచెదరకుండా ఉందని తెలిసింది. కణం బతికే ఉంది. దాని స్విచ్చి ఒకటి మాత్రం ఇరుక్కుపోయింది. కాబట్టి పోయిన నీటిని, లవణాలను తిరిగి అందిస్తూ ఉంటే చాలు, రోగి బతుకుతాడు. ఇరుక్కున్న కణాలు కొద్ది రోజుల్లో రాలిపోయి వాటి స్థానంలో కొత్తవి వస్తాయి.

ఇంకొక మేలు కూడా ఉంది. గ్లూకోజు, సోడియం కలిసి కణంలోకి వచ్చే ద్వారాన్ని ఈ విషం ముట్టుకోదు. అందుకే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగిస్తే ప్రేవు వాటిని పీల్చుకుంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సరిహద్దు దగ్గర బనగాఁవ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. నరాల గుండా ఎక్కించే సెలైను సరిపోలేదు. వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, తినే సోడా, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో ఉంచి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ నీటి వంశానిదే. ఇంట్లో ఎవరికైనా నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే ఆ పొట్లాన్ని దానిమీద చెప్పినంత నీటిలో కలిపి కొంచెం కొంచెంగా తాగించడం మొదలుపెట్టి, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

శంభునాథ్ 1973లో పదవీ విరమణ చేశాడు. భారతదేశంలోని ఏ విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకోలేదు. పెద్ద బహుమతి ఏదీ రాలేదు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ మాత్రం ఆయన పేరును నోబెల్ బహుమతికి ఒకటికంటే ఎక్కువసార్లు ప్రతిపాదించాడు. ఆ బహుమతి కూడా రాలేదు.

1978లో నోబెల్ ఫౌండేషను కలరా మీద స్టాక్‌హోంలో ఒక సదస్సు జరిపి, ప్రసంగించడానికి ఆయనను ఆహ్వానించింది. అప్పటికి ఆయనకు అరవై మూడేళ్ళు. శాస్త్రలోకంలో తాను పదిహేనేళ్ళ క్రితమే కనుమరుగైనట్లు భావిస్తున్నాననీ, ఈ పిలుపు తనను మళ్ళీ బతికించిందనీ అర్థం వచ్చేలా ఆయన అక్కడ మాట్లాడాడు. ఆ మాటల్లో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా కనిపిస్తుంది. ఆయన సాధుస్వభావం వల్ల కోపం రాకపోవచ్చు. మనకు రావడంలో తప్పులేదు.

ఆయన తీసిన జాడ అప్పటికే మరో దారి పట్టింది. అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు శుద్ధి చేసిన విషాన్నీ, శుద్ధి చేసిన జి-ప్రోటీనునూ పరీక్షనాళికలో కలిపి చూశారు. విషం సరిగా పనిచేయలేదు. కణంలోని మరొకటేదో దానికి తోడు కావాలి. 1984లో రిచర్డ్ కాన్, ఆల్‌ఫ్రెడ్ గిల్మన్ ఆ తోడును వేరుచేశారు. అది చాలా చిన్న ప్రోటీను. విషం చేసే అతికింపు పనికి సాయపడుతుంది కాబట్టి ఆ పని పేరులోని అక్షరాలతోనే దానికి ఆర్ఫ్ అని పేరుపెట్టారు. మీరు గుర్తుంచుకున్న పేరు ఇదే.

శంభునాథ్ డే 1985 ఏప్రిల్ 15న కన్నుమూశాడు.

ఆర్ఫ్ కూడా జి.టి.పి.ని పట్టుకునే స్విచ్చి అని 1986లో తెలిసింది. కాని ఒక చిక్కు మిగిలింది. కలరా విషానికి సాయం చేయడానికి మన కణం ఒక ప్రోటీనును ఎందుకు తయారుచేసుకుంటుంది? ఏ కణమూ అలాంటి పని చేయదు. ఈస్టు కణాల్లో కూడా ఆర్ఫ్ ఉంది. ఈస్టుకు కలరా రాదు కదా! అంటే ఆర్ఫ్‌కు సొంత పని వేరే ఉండాలి. 1990లో అది గాల్జి సంక్లిష్టం మీద కనిపించింది. ఆ తరువాత దాని పని స్పష్టమైంది. స్విచ్చి పడగానే ఆర్ఫ్ తన జిడ్డు తోకను పొరలోకి గుచ్చి నిలబడుతుంది. తొడుగు ప్రోటీన్లను పిలుస్తుంది. అవి పేరుకుని పొరను బుడగలా వంచుతాయి, సంచి తెగుతుంది. జి.టి.పి. తెగగానే ఆర్ఫ్ పొరను వదులుతుంది, తొడుగు రాలిపోతుంది, సంచి తన గమ్యంలో కలవడానికి సిద్ధమవుతుంది. మనిషి కణాల్లో ఐదు రకాల ఆర్ఫ్‌లు ఈ పనులు పంచుకుంటాయి. ఇంటి యజమానిని దొంగకు సాయపడినవాడన్న పేరుతో పిలిచినట్లు, ఇంత పని చేసే ప్రోటీనుకు నేటికీ కలరా విషం వల్ల వచ్చిన పేరే ఉంది.

అదే 1990లో బెంగుళూరు నుండి వెలువడే కరెంట్ సైన్స్ పత్రిక శంభునాథ్ డే స్మృతిలో ఒక ప్రత్యేక సంచిక తెచ్చింది. లెడర్‌బర్గ్ కూడా అందులో రాశాడు. సంచుల రవాణా ఎలా జరుగుతుందో విడమరచి చూపినందుకు జేమ్స్ రోత్‌మన్, రాండీ షెక్‌మన్, థామస్ సుడోఫ్‌లకు 2013లో నోబెల్ బహుమతి వచ్చింది. జి-ప్రోటీన్ల పనికి గిల్మన్‌కు, మార్టిన్ రాడ్‌బెల్‌కు 1994లోనే వచ్చింది.

2005లో శాస్త్రవేత్తలు స్ఫటికాల సాయంతో కలరా విషం ముక్కను, దాన్ని అంటిపెట్టుకున్న ఆర్ఫ్-6 ప్రోటీనును అణువు అణువుగా చిత్రించారు. ఆర్ఫ్ పట్టుకోగానే విషం ముక్క ఆకారం మారి, దాని పనిచేసే చోటు తెరుచుకుంటుందని ఆ చిత్రంలో కనిపించింది. 1953లో కలకత్తాలో పట్టుదారంతో కట్టిన నాలుగంగుళాల ప్రేవులో జరిగింది ఇదే.